పన్నెండో జోడీ

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నేను దయ్యాల కథలు చెప్పే మనిషిని కాదు, జైలర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క తల తేడా రానివ్వలేదు. నా పిల్లల మీద ఒట్టు... ఇది నా కళ్లతో చూశాను. నా నోటితో చేశాను కూడా. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కరోనా మొదటి ఏడాది. సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. మా నాన్న జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం పట్టిన మనిషి. నేను పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే. అది లేకపోయేసరికి నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

జైల్లో రద్దీ తగ్గించాలని కొందరు ఖైదీలను ఊరి శివార్లలో సచిన్ అనే పేట అవతల ఒక పాత బట్టల గోదాముకు మార్చారు. ఇరవై నాలుగు మంది. వాళ్ల బాధ్యత నాది. పెరోల్ మీద ఇంటికి పంపినవాళ్ల పని కూడా నా నెత్తినే పడింది. రోజూ సాయంత్రం వాళ్లకు వీడియో కాల్ చేసి, ఇంట్లోనే ఉన్నారని చూసి, పేరు పక్కన టిక్ పెట్టాలి.

ఆ ఇరవై నాలుగు మందిలో నర్సయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. మా వైపు మనిషే. మగ్గాల షెడ్డులో కొట్లాటకు శిక్ష పడింది. పెరోల్ జాబితాలో అతని పేరు మొదట్లోనే ఉంది. కానీ ఇంటివాళ్లంతా ఊరికి వెళ్లిపోయారు, ఇక్కడి గదికి తాళం. హామీ ఉండేవాళ్లు లేరని నేనే ఆ పేరు పక్కన పెట్టాను. రూలు రూలే అనుకున్నాను.

"నా పేరు యాడిదాక అచ్చింది బిడ్డా?" అని రోజూ అడిగేవాడు. వెంటనే నాలుక కరుచుకుని "సారూ" అనేవాడు.

"వస్తది, జర ఆగు" అనేవాణ్ణి.

ఒక సాయంత్రం అతనికి ఆయాసం ఎక్కువైంది. అంబులెన్స్ ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. గ్లౌజు మీంచి కూడా చల్లగా తగిలింది.

"గిన్తీల నా పేరు తియ్యకు సారూ. పేరు తీసినోళ్లు ఎవ్వలూ మళ్లొస్తలేరు."

గిన్తీ అంటే మా దగ్గర తలల లెక్క. ఆ నెలలో పెద్ద జైలు నుంచి ఆస్పత్రికి వెళ్లిన ముగ్గురూ తిరిగి రాలేదు. దాంతో ఖైదీల్లో ఆ భయం పాతుకుపోయింది. "తియ్యను లే" అన్నాను. బండి గేటు దాటగానే బోర్డు మీద ఇరవై నాలుగు చెరిపి ఇరవై మూడు రాశాను. మా పని అంతే మరి.

రాత్రి తొమ్మిదికి గిన్తీ. ఖైదీలు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఇద్దరిద్దరుగా వరుసలో కూర్చుంటారు. ఒక్కో జంటను జోడీ అంటాం. మా సిపాయి జయేశ్‌భాయ్ ఒక్కో జోడీ ముందు ఆగి లాఠీతో నేల మీద రెండు దెబ్బలు కొడతాడు. ఒక్కడే ఉంటే ఒకటే దెబ్బ. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, ఆ చప్పుడు విని లెక్క రాసుకుంటాను. కళ్లు మూసుకుని కూడా రాయగలను.

టక్‌టక్... టక్‌టక్...

పదకొండు జోడీలు అయిపోయాయి. చివర్న మిగిలేది లచ్చయ్య ఒక్కడే. నర్సయ్య జోడీ అతనే, ఆయన్ని కాకా అని పిలిచేవాడు. ఒకటే దెబ్బ పడాలి.

టక్...

...టక్.

నా పెన్ను ఆగిపోయింది.

"జయేశ్‌భాయ్, చివర్న ఒక్కడే కదా?" అన్నాను గుజరాతీలో.

"ఇద్దరున్నారు సాహెబ్."

మళ్లీ కొట్టించాను. పన్నెండు జోడీలు. అంటే ఇరవై నాలుగు. పేర్లు పిలిచాను. ఇరవై మూడు గొంతులు పలికాయి, ఒక్కటీ ఎక్కువ కాదు, ఒక్కటీ తక్కువ కాదు. ఖైదీ తగ్గితే ఏం చెయ్యాలో మాకు రూలుంది. పెరిగితే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. తొమ్మిదిన్నరకల్లా పెద్ద జైలుకు ఫోన్లో లెక్క చెప్పాలి.

టార్చి తీసుకుని లోపలికి నడిచాను. అందరూ తలలు వంచుకుని నేల చూస్తున్నారు. అప్పుడు వినిపించింది... ఊపిరి. గుర్ర్... గుర్ర్... గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. సాయంత్రం అంబులెన్స్ దగ్గర విన్నది అదే.

గోడ పక్కన లచ్చయ్య. అతని పక్కన... వంగిపోయిన వీపు. తల మీంచి కప్పుకున్న తువ్వాలు. మోకాళ్ల మీద రెండు చేతులు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. భయమేసింది, దాచుకోవడం ఎందుకు?

"లచ్చయ్యా... నీ పక్కన ఎవరు?"

లచ్చయ్య అటు చూడలేదు. నావైపే చూశాడు.

"మీక్కూడ కనవడుతుండా సారూ?" అన్నాడు మెల్లగా. "మా కాకనే. ఇందాకనే అచ్చి కూసున్నడు. ఏమనకుండ్రి. గీ ఒక్క రాత్రి గిన్తీల ఉండనియ్యుండ్రి. పొద్దుగాలదాంక ఉంటే బతుకుతడు."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెబితే అబద్ధమే. కానీ టైము తొమ్మిది ఇరవై ఆరు. లెక్క కుదరకపోతే నా ఉద్యోగానికే ఎసరు. ఇరవై రెండేళ్లుగా నోటికి అలవాటైన గొంతు దానంతటదే బయటికొచ్చింది.

"నర్సయ్యా, నీ పేరు ఇక్కడ లేదు. లే."

ఆ చేతులు మోకాళ్ల మీంచి లేచాయి... నెమ్మదిగా. ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుంది. మళ్లీ వెలిగేసరికి లచ్చయ్య ఒక్కడే ఉన్నాడు, మొహం చేతుల్లో పెట్టుకుని.

"జయేశ్‌భాయ్, కొట్టు" అన్నాను.

టక్.

ఇరవై మూడు. అంతా సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టాను.

పావుగంటకు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. నర్సయ్య పోయాడు. ఎన్నింటికని అడిగాను. తొమ్మిదిన్నరకు కొంచెం ముందు అంది నర్సు.

"కాస్త కుదురుకున్నాడనే అనుకున్నాం సార్. ఆక్సిజన్ కూడా పెరిగింది. ఉన్నట్టుండి మంచం మీంచి లేచి నిలబడ్డాడు... ఎవరో గదమాయించినట్టు. మేం పట్టుకునేలోపే పడిపోయాడు."

నేను ఫోన్ పెట్టేశాను.

అలిసిపోయి ఏదో చూసి ఉంటానని మా ఆవిడ అంటుంది. కావచ్చు. మాస్కులు, చీకటి, నిద్రలేని రాత్రులు. మరి జయేశ్‌భాయ్ కొట్టిన రెండో దెబ్బ? అడిగితే అతను "తెలీదు సాహెబ్, చెయ్యి దానంతటదే పడింది" అన్నాడు. ఆ తర్వాత ఇంకో జైలుకు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి నెలలోనే లచ్చయ్యకు పెరోల్ వచ్చింది. రోజూ సాయంత్రం నేను కాల్ చేసేవాణ్ణి. తెర మీద మొహం చూపించేవాడు, "హాజర్ సారూ" అనేవాడు, అంతే. వారం తర్వాత ఉండబట్టలేక అడిగాను, ఆ రాత్రి నిజంగా ఏం చూశావని.

అతని వెనక ఎక్కడో మగ్గం ఒకటి మొదలైనట్టు వినిపించింది.

"గదంత నాకెర్క లేదు సారూ. మీరు లెమ్మన్నరు, లేచిండు. ఒక్క రాత్రి ఆగితే ఏం పోయేది?"

జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు. నేనే కాల్ కట్ చేశాను.