వెర్లిన్ వెళ్ళని ఇళ్ళు

తలుపు కొట్టాక మూడడుగులు వెనక్కి వేసి నిలబడడం వెర్లిన్ డబ్స్‌కు పద్నాలుగేళ్ళ అలవాటు. టోపీ తీసి చంకలో పెట్టుకునేవాడు. కాగితాల సంచి ఎడమ చేతిలో, కుడి చెయ్యి ఖాళీగా, లోపలి నుంచి చూసేవాళ్ళకు రెండు చేతులూ కనబడేట్టు. కారు ఎప్పుడూ వీధిలోనే ఆపేవాడు. వాకిట్లో ఆపితే తమ కారు పట్టుకుపోవడానికి వచ్చాడనుకుంటారు. డెల్ఫాస్ అనే ఊళ్ళో ఒకాయన అలాగే అనుకుని పార పట్టుకుని బయటికొచ్చాడు.

అతను తిరిగేది లైమా పట్టణం చుట్టూ నలభై మైళ్ళ లోపు. ఇంటి అప్పు వాయిదాలు రెండు తప్పినవాళ్ళ గుమ్మం ముందు నిలబడి మాట్లాడడం అతని పని. అవన్నీ ప్రభుత్వ బీమా ఉన్న అప్పులు. ఇంటివాళ్ళు కట్టలేక చేతులెత్తేస్తే అప్పిచ్చినవాళ్ళ నష్టాన్ని ప్రభుత్వమే పూడుస్తుంది. అయితే ఊరికే పూడ్చదు. ఇంటిని వేలానికి పెట్టేముందు ఒక మనిషి ఆ ఇంటికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, మీకు ఫలానా ఫలానా దారులున్నాయని చెప్పాలి. వెళ్ళినట్టు రుజువు లేకపోతే బీమా డబ్బుకు అడ్డు పడుతుంది. లైమాలో అప్పుల వసూళ్ళు చూసే ఒక కంపెనీ తరఫున అలా వెళ్ళే మనిషి వెర్లిన్.

అంతకుముందు ఇంజన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. రెండో షిఫ్టు ఎత్తేసినప్పుడు అతనిదీ పోయింది. ఆ ఏడాది తన ఇంటి వాయిదాలు కూడా తప్పాయి గనక, తలుపు వెనక నిలబడి ఊపిరి బిగబట్టడమంటే ఏమిటో అతనికి తెలుసు. జనం అతన్ని నమ్మకపోయినా నొచ్చుకునేవాడు కాదు. ‘నమ్మకపోవడం వాళ్ళ హక్కు, మళ్ళీ వెళ్ళడం నా పని’ అనేవాడు భార్య మర్లీన్‌తో.

ఆ ఏడు వేసవి నడుమ అప్పిచ్చేవాళ్ళందరికీ ప్రభుత్వ బీమా శాఖ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. వచ్చే జనవరి నుంచి ఇంటికే వెళ్ళనక్కర్లేదు, ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడినా చాలు. ఆ సంగతి వెర్లిన్‌కు చెప్పింది అతనికి పని అప్పగించే కిర్‌స్టెన్ మౌల్. నలభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన.

“కంగారు పడకు వెర్లిన్. జనవరి దాకా ఏమీ మారదు” అందామె.

కానీ వారానికి ఇరవై ఇళ్ళు వచ్చేచోట ఐదు రావడం మొదలైంది. ఆగస్టు మొదట్లో పదకొండు ఇళ్ళ జాబితా పంపి, గంట తిరక్కముందే ‘ఇవి వద్దు, వేరేగా సర్దుతున్నాం’ అని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే అది అచ్చు వేసి కారులో పెట్టుకున్నాడు వెర్లిన్. పారెయ్యలేదు.

“ఉన్నట్టుండి జనం అప్పులన్నీ కట్టేస్తున్నారా ఏమిటి?” అంది మర్లీన్. ఆమె బడి వంటశాలలో పనిచేసేది. “మా దగ్గర సగం ధర భోజనానికి పేరు రాయించుకునే పిల్లలు ఈ ఏడు ఇంకా పెరిగారు మరి.”

ఆ మాట అతని మనసులో ముల్లులా గుచ్చుకుంది.

సెప్టెంబరు మూడో వారంలో ఒడెస్సా టిల్లరీ అనే ఆవిడ ఇంటికి వెళ్ళమని కాగితం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆస్పత్రి బట్టలు ఉతికేచోట పనిచేసేది, అక్కడ గంటలు తగ్గించేసరికి వాయిదాలు తప్పాయి. వెర్లిన్ తలుపు కొట్టి మూడడుగులు వెనక్కి వేశాడు. గొలుసు తియ్యకుండానే తలుపు జానెడు తెరుచుకుంది.

“ఏం నాయనా, మూడోసారా?”

“లేదమ్మా, మొదటిసారే. నా పేరు వెర్లిన్ డబ్స్.”

“పేరు తెలుసులే. నీ పేరుతోనే ఉత్తరమొచ్చింది.” సందులోంచి ఒక కాగితం చూపించింది. చేతికి మాత్రం ఇవ్వలేదు. “చదువుకో. అక్కణ్ణించే చదువుకో.”

వెర్లిన్ మెడ చాచి చదివాడు. కంపెనీవాళ్ళు రాసింది. తమ ప్రతినిధి వెర్లిన్ డబ్స్ ఆగస్టు పద్నాలుగున ఒకసారి, ఇరవై రెండున ఒకసారి వచ్చినట్టూ, రెండుసార్లూ ఎవరూ తలుపు తీయనట్టూ, ఇక ఇల్లు వేలానికి వెళ్తుందనీ ఉంది.

“నేను రాలేదమ్మా” అన్నాడు.

“రాలేదని నాకు తెలుసు. ఆ రెండు రోజులూ మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉన్నాను. ఈగ వచ్చి వాలినా మా కుక్క అరిచి గోల చేస్తుంది. నువ్వు రాలేదు. వచ్చానని రాశావు. ఇప్పుడొచ్చి రాలేదంటున్నావు. ఇందులో ఏది అబద్ధమో నువ్వే చెప్పు.”

వెర్లిన్ ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. “ఆ ఉత్తరం రాసింది నేను కాదు” అన్నాడు.

“ఎవరినడిగినా అదే మాట. నెలనెలా నా వాయిదాలో బీమా అని కోస్తున్నారు. కష్టమొచ్చింది, ఆదుకోమంటే అది నీకు కాదు, అప్పిచ్చినవాళ్ళకన్నాడు ఫోన్లో కుర్రాడు. డబ్బు నాదట, గొడుగు వాళ్ళదట. నేనెవర్ని నమ్మాలి?”

“నన్ను నమ్మనక్కర్లేదు. ఈ ఫారం నింపండి. తప్పిన వాయిదాలన్నీ అప్పు చివరికి జరపమని అడిగే ఫారం. ప్రభుత్వ బీమా ఉంది గనక అడిగే వీలు మీకుంది. ఆ ఉత్తరం ఫోటో తీసుకోనిస్తారా?”

ఆవిడ ఉత్తరం రెండంచులూ గట్టిగా పట్టుకుంది. “కాగితం నా చేతిలోనే ఉంటుంది. దూరం నుంచి తీసుకో. నీ లైసెన్సు కూడా చూపించు, నేనూ ఒక ఫోటో తీసుకుంటాను.”

అలాగే ఇద్దరూ ఒకరి కాగితాన్ని ఒకరు ఫోటో తీసుకున్నారు.

ఇంటికొచ్చాక వెర్లిన్‌కు మొదట అనుమానం వచ్చింది తన మీదే. అతని అన్న చివరి రోజుల్లో సొంత వీధి పేరు కూడా మరిచిపోయాడు. ఆ జబ్బు తనకూ పట్టిందా? కారులోంచి నోటు పుస్తకం తెచ్చాడు. ఏ రోజు ఏ ఇంటికి వెళ్ళాడో, బండి ఎన్ని మైళ్ళు తిరిగిందో అందులో రాసుకునేవాడు. ఆగస్టు పద్నాలుగున ఫిండ్లేలో చెల్లెలికి మోకాలి ఆపరేషన్. ఇరవై రెండున ఏమీ రాసిలేదు.

“ఇరవై రెండున ఎక్కడున్నాను నేను?” అని అడిగాడు.

“కౌంటీ సంతలో, పచ్చళ్ళ పోటీ దగ్గర” అంది మర్లీన్. “నా దోసకాయ ఊరగాయకు మూడో బహుమతి ఇచ్చారు. న్యాయంగా రెండోది రావాల్సిందని పొద్దుగూకేదాకా గొణిగావు. మరిచిపోయావా?”

“మరిచిపోలేదు” అన్నాడు వెర్లిన్. గుండె కుదుటపడింది. ఆ వెంటనే కోపమొచ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాడు. కిర్‌స్టెన్ లేచి ఎదురొచ్చి కాఫీ పోసింది. అన్నేళ్ళలో ఆమె అతనికి కాఫీ పొయ్యడం అదే మొదలు. ఫోటో చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

“కంప్యూటర్లో తేదీలు తారుమారైనట్టున్నాయి. ఆ ఇల్లు నీకు పంపడమే పొరపాటు. సరిచేయిస్తాను.”

“తేదీలు తారుమారైతే వెళ్ళిన తేదీ ఒకటుండాలిగా. నేను అసలు వెళ్ళనే లేదు.”

“వెర్లిన్, జనవరి నుంచి ఈ రూలే ఉండదు. ఈ మూడు నెలల కోసం ఎందుకింత పట్టుదల? ఆ ఫోటో నాకు పంపి, నీ ఫోన్లోంచి తీసెయ్. ఖాతాదారుల కాగితాలు సొంత ఫోన్లో ఉంచుకోకూడదు, తెలుసుగా.”

తీసెయ్యమన్న మాట దగ్గరే అతని అనుమానం ముడి పడింది. తేదీల తప్పయితే దాన్ని దాచెయ్యాల్సిన అవసరమేముంది? సరేనని లేచాడు. కాఫీ ముట్టలేదు, ఫోటో తీసెయ్యలేదు.

ఆ శనివారం సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని, వెనక్కి తీసుకున్న జాబితాలోని పదకొండు ఇళ్ళకూ బయల్దేరాడు. తోడు మర్లీన్ కూడా ఎక్కింది.

“పక్కన ఆడమనిషి ఉంటే పార బయటికి రాదు” అంది.

మొదటి ఇంట్లో తలుపు తీయలేదు. రెండో ఇంట్లో ఒకతను కిటికీలోంచే, “ఎవరు పంపారు? ఎంతిస్తున్నారు నీకు?” అని అడిగాడు. ఎవరూ పంపలేదని చెప్పినందుకు మరీ అనుమానపడ్డాడు. చివరికి మర్లీన్‌ను చూసి, “ఈవిడ మా పాప బడిలో వడ్డించే ఆవిడ కదూ” అని తలుపు తీసి ఉత్తరం తెచ్చాడు. అదే ఉత్తరం, అదే వెర్లిన్ డబ్స్, రెండు తేదీలు. సాయంత్రానికి ఏడిళ్ళలో అవే ఉత్తరాలు కనిపించాయి. ఎక్కడా మనిషి వచ్చిన జాడ లేదు. మూడిళ్ళవాళ్ళు మాట్లాడనే లేదు.

పదకొండోది ఎలైడాలో, ఆక్సెల్ ప్రూయిట్ అనే లారీ డ్రైవరు కుటుంబానిది. కిటికీలకు తెరలు లేవు. లోపల గోడమీద పిల్లల ఎత్తు కొలిచి గీసిన గీతలు కనిపించాయి. పక్కింటి పెద్దాయన ఆకులు ఊడుస్తూ చెప్పాడు: “పదిరోజులైంది వెళ్ళిపోయి. ఇక అయిపోయిందని ఉత్తరమొచ్చిందట. వేలానికి ముందే మర్యాదగా పోదామన్నాడు.”

“అయిపోలేదండీ” అన్నాడు వెర్లిన్. “అతనికి ఇంకా దారుంది.”

“ఆ సంగతి అతనికెవరు చెప్పారు?” అన్నాడాయన, ఊడవడం ఆపకుండా.

ఎక్కడికి వెళ్ళారో ఆయనకు తెలియదు. వెర్లిన్ కారులో కూర్చుని చాలాసేపు ఇంజన్ స్టార్టు చెయ్యలేదు. “నా పేరు పెట్టి వెళ్ళగొట్టారు” అన్నాడు.  మర్లీన్ తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు విప్పింది గానీ ఇద్దరికీ సహించలేదు.

సోమవారం బీమా శాఖవాళ్ళ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు. పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నారు. నోటు పుస్తకంలో ఆగస్టు పేజీలు నకళ్ళు తీసి, ఎనిమిది ఉత్తరాల ఫోటోలతో కలిపి పోస్టులో పంపాడు. నెల గడిచింది, జవాబు లేదు. ఈలోగా కంపెనీ నుంచి పని పూర్తిగా ఆగిపోయింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. వీధిలో తెలియని కారు ఆగితే తెర పక్కకు జరిపి చూసేవాడు. బీమావాళ్ళు కూడా కంపెనీవాళ్ళతో కలిసిపోయారేమోనని ఒకరోజు అంటే, “కంచే చేను మేస్తే ఇంక చెప్పుకోవడానికి ఎవరుంటారు? కొంచెం ఓపిక పట్టు” అంది మర్లీన్.

ఒడెస్సా టిల్లరీ ఫారం నింపింది గానీ పోస్టులో వెయ్యడానికి ఎవరికీ ఇవ్వలేదు. తానే బస్సెక్కి కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, అందినట్టు ముద్ర వేయించుకుని, ముద్ర వేసినావిడ పేరు కూడా రాయించుకుంది. నవంబరులో ఆమె వాయిదాలు అప్పు చివరికి జరిగాయి. వెర్లిన్‌కు ఫోన్ చేసి చెప్పింది.

“అయితే నువ్వు నిజమే చెప్పావన్నమాట” అంది. “లైసెన్సు ఫోటో మాత్రం ఉంచుకుంటాను. ఏమనుకోకు.”

“ఉంచుకోండమ్మా” అన్నాడు.

ఫిబ్రవరిలో బీమా శాఖ నుంచి ఒకావిడ వచ్చి వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు రోజులు నోటు పుస్తకాలు చూసింది. ఎక్కువ అడిగింది, తక్కువ చెప్పింది. ఏప్రిల్‌లో కిర్‌స్టెన్ ఉద్యోగం పోయిందని తెలిసింది. లేని సందర్శనలు చూపిన అప్పుల మీద బీమా డబ్బు ఆపేశారని, ఆ ఇళ్ళ వేలం కాగితాలు వెనక్కి తీసుకున్నారని కూడా అన్నారు. ప్రూయిట్ ఇల్లు అందులో ఉందో లేదో ఎంతడిగినా ఎవరూ చెప్పలేదు. వెర్లిన్ రెండుసార్లు ఎలైడా వెళ్ళి చూశాడు. ఖాళీగానే ఉంది.

మే నెలలో కిర్‌స్టెనే ఫోన్ చేసింది.

“నేనొక్కదాన్నే చేశాననుకుంటున్నావా? జనవరి ఎలాగూ వస్తోంది, మనిషిని పంపే ఖర్చు దండగ అని పైనుంచి చెప్పారు. కాగితం మీద లేదంతే. నాకూ ఇద్దరు పిల్లలున్నారు.”

“ఆ సంగతి బీమా శాఖ ఆవిడకు చెప్పావా?”

“చెప్పాను. నమ్మలేదు.”

వెర్లిన్ పెన్ను తీశాడు. ఆమె గొంతులో ఏడుపుంది. అది నిజం ఏడుపో కాదో పోల్చుకోలేకపోయాడు.

“పైనుంచి అన్నావే, ఆ మనిషి పేరు చెప్పు. రాసుకుంటాను” అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను పెన్ను చేతిలో పట్టుకుని, మళ్ళీ మోగుతుందేమోనని పావుగంట అక్కడే కూర్చున్నాడు. తర్వాత లేచి, ప్రూయిట్‌ల కొత్త అడ్రసు ఎవరికైనా తెలుసేమో కనుక్కోవడానికి లారీ డ్రైవర్ల సంఘం ఆఫీసుకు బయల్దేరాడు.