లాభం, రెండు, మూడు

సైనిక ఆసుపత్రిలో ముప్పయ్యొక్క ఏళ్లుగా స్ట్రెచర్లు మోస్తున్న గవరయ్యకు ఈమధ్య ఒక కుర్చీ కంట్లో నలుసైంది. ఫ్యాను కింద, కిటికీ పక్కన ఉంటుందది. అందులో కూర్చునేది సమీర, బెజవాడ పిల్ల. యుద్ధమే వస్తే ఎంతమంది గాయపడతారు, వాళ్లకు ఎందరు డాక్టర్లు, ఎందరు నర్సులు, ఎంత రక్తం కావాలి అని ముందే అంచనా కట్టడం ఆమె ఉద్యోగం.

మునుపు మోసేవాళ్ల సంగతి మేజరు సాహెబు గవరయ్యనే అడిగేవాడు. బండిని ఓ చూపు చూసి ఇంతమంది కావాలని చెప్పేసేవాడు గవరయ్య. ఇప్పుడు సాహెబు నోట ఎప్పుడూ "సమీరా, సమీరా". పోనీ పొగరుబోతా అంటే అదీ కాదు. బాబాయ్ గారూ అంటుంది, ఆయన కూర్చుంటే గాని తాను కూర్చోదు. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా ఇవ్వని మనిషిని ఓర్చుకోవడం మరీ కష్టం.

ఆ సోమవారం ఆసుపత్రి ఆవరణలో మాక్ డ్రిల్ పెట్టారు. మెళ్లో కాగితాలు తగిలించుకున్న సిపాయిలు గాయపడ్డవాళ్లుగా పన్నెండు బండ్లలో వచ్చారు. నడవలేనివాళ్లను దించుతూ గవరయ్య ఒక్కో బండికీ కొత్తగా లెక్క అందుకుంటే, సమీర తల వంచుకుని గీతలు గీసింది.

"లాభం... రెండు... మూడు..."

గవరయ్య వాళ్ల నాన్న కళ్లంలో ధాన్యం కొలిచినట్టే. వాళ్ల ఊళ్లో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు.

మూడో బండి దగ్గర గవరయ్య గమనించాడు. 'లాభం' అన్నప్పుడు పిల్ల కలం కదలడం లేదు. 'రెండు' అన్నాకే మొదటి గీత. చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాడు. పడనీ, ఒక్కసారి పడనీ.

"యాభైతొమ్మిది సార్" అంది చివరికి. డెబ్భైఒకటని గవరయ్యకు తెలుసు.

"బాగుంది. దీన్నిబట్టే మనుషుల్నీ పడకల్నీ అడుగుదాం. రేపే పైకి పంపాలి" అన్నాడు సాహెబు.

"గొంతు పోయేలా అరిచారు బాబాయ్ గారూ" అంటూ మట్టికప్పులో అల్లం టీ తెచ్చిచ్చింది సమీర. ఆ పిల్ల మొహం చూడకుండానే తాగేశాడు గవరయ్య.

గార్డెన్ రీచ్ పేటలో తన ఇల్లు చేరగానే భార్య దగ్గర సంబరపడ్డాడు. "పన్నెండు మందిని వొదిలీసిందే! పెద్ద సదువట, సదువు!"

"నీ కడుపులో మంట మీద రెండు పూటలకీ వొండుకోవచ్చు" అంది కాసులమ్మ తోటకూర తరుగుతూ. "మరా పన్నెండుగుర్నీ ఎవులు మోస్తారు?"

"ఆలవన్నీ ఉత్తుత్తి దెబ్బలే గదే!"

"దెబ్బలు ఉత్తుత్తియి. లెక్క కూడా ఉత్తుత్తిదేనేటి?"

మర్నాడు పొద్దున్నే డాబా మీద సూర్యుడికి, అంటే తన అరసవల్లి దేవుడికి దండం పెడుతూ 'అందర్నీ సల్లగా సూడు సామీ' అనబోయి ఆగిపోయాడు. అందర్నీ అంటే ఎందర్ని? దండం సగంలో వదిలేసి బస్సెక్కాడు.

"లాభమంటే ఒకటమ్మా" అన్నాడు గదిలోకి వస్తూనే.

సమీర తెల్లబోయింది. "దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నా బాబాయ్ గారూ!"

"బండికొకడు సొప్పున పన్నెండుగుర్ని వొదిలీసేవు."

ఆమె గబగబా కాగితం తీసి దిద్దుకుంది. ఆనక అడిగింది: "దెబ్బ తగిలినవాణ్ణి లాభం అంటారేంటండీ?"

"పేణంతో వొచ్చినోడు లాభం గాక నట్టమేటి తల్లీ?"

కొత్త లెక్క చూసి సాహెబు "శభాష్ సమీరా, భలే పట్టుకున్నావ్!" అన్నాడు. "నేను కాదు సార్, గవరయ్య గారు..." అని ఆమె అనేలోగా ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయాడు. గవరయ్య కడుపులో మళ్లీ భగ్గుమంది.

పై సోమవారం మళ్లీ డ్రిల్. మొదటి బండి తలుపు తెరిచారు. గవరయ్య నోరు విప్పేలోగా సమీర కలం ఎత్తి గట్టిగా అంది:

"లాభం!"

ఓలమ్మ, ఆ మాట కూడా లాగీసుకుందిరా అని కుళ్లుకుంటూనే, గవరయ్య "రెండు" అన్నాడు.