రేడియేటరుకు గుగ్గిలం

జాలర్ల ఊరు పొడంపేటలో పుట్టినవాడికి పడవ కారితే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పనక్కరలేదు. కొబ్బరిపీచు కుక్కి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూస్తారు. తెడ్డు వదిలి స్టీరింగు పట్టి ఏళ్లు గడిచినా సూరన్న చేతులు ఆ పని మరచిపోలేదు.

బరంపురం వకీలు జానకీరామయ్య గారి పాత కారుకు అతను డ్రైవరు. చెల్లెలు కాసమ్మ కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ కబురొచ్చింది. వకీలు గారు వెంటనే కారు తీసుకెళ్లమన్నారు. "సీటు మీద చాప వెయ్యి. చేపల కంపు ఓ పట్టాన వదలదు" అని కూడా అన్నారు. దయా, ఆ మాటా ఒకే నోట్లోంచి వచ్చాయి. సూరన్న చాప వేశాడు.

పొడంపేటలో ఆపగానే బండి కింద తడి కనబడింది. రేడియేటరు సన్నగొట్టం ఒకటి చిట్లింది. తల్లి జగ్గమ్మ, మరో నలుగురూ కాసమ్మను మోసుకొచ్చేలోపు గుగ్గిలం తెచ్చి పూసేశాడు. కారడం ఆగింది. ఖాళీ అయినమేరకు నీళ్లు నింపి బయల్దేరాడు.

ఛత్రపురం దాటాక ముందునుంచి ఆవిరి బుస్సుమని లేచింది. దిగి చూస్తే గుగ్గిలం కరిగి నీళ్లు ధారకడుతున్నాయి. పడవ చల్లటి నీళ్లలో ఉంటుంది, ఇక్కడ నీళ్లు మరుగుతాయి. ఆ మాత్రం తోచనందుకు తల బాదుకోవాలనిపించింది.

"ఏటైనాదిరా?" అంది జగ్గమ్మ.

"ఏటీ లేదు. నువ్వు దాని సెయ్యి ఒగ్గకు."

చిట్లిన చోటుకు పైనా కిందా గొట్టాన్ని పటకారుతో నొక్కి మూసేశాడు. ఇక నీళ్లు కావాలి. రోడ్డు పక్క పల్లె బావి గట్టు మీద అప్పయ్య అనే పెద్దమనిషి కూర్చున్నాడు.

"ఎవులు మీరు?"

"పొడంపేటోలం బాబూ."

"అయితే ఎడంగా నిలబడు. మావోలు పొలం నుంచొచ్చి తోడి పోస్తారు."

"అంతసేపు ఆగలేం. తమరే ఒక్క బాల్చీ పొయ్యండి."

"నా నడుం ఒంగదు."

నడుం వంగదట. మనుషుల్ని బావికి ఎడంగా నిలబెట్టడానికి నడుంతో పనేముంది? అలా దోసిలి పట్టి నిలబడే సూరన్న తండ్రి బతికాడు, తాతా బతికాడు. కారులో కాసమ్మ మూలుగు సన్నగిల్లుతోంది. సూరన్న చేద తాడు అందుకున్నాడు.

"ముట్టావంటే ఎముకలిరిసేస్తారు."

"ఇరిసీండి బాబూ. సెల్లిని ఆస్పత్రిలో దించి ఇదే దారినొస్తాను."

నీళ్లు తెచ్చాడు గానీ, కాగిన ఇంజనులో ఒక్కసారిగా పోస్తే ఇనుము పగులుతుంది. ఇంజను తిప్పుతూ కొద్దికొద్దిగా పోశాడు. అప్పయ్య అరుపు విని వస్తున్నవాళ్ల కేకలు దగ్గరవుతున్నాయి. అయినా ధార పెంచలేదు.

"ఎల్లరా. దీని సెయ్యి సల్లబడతంది," అంది జగ్గమ్మ.

అతను స్టీరింగు ముందు కూర్చునేసరికి కర్రలతో నలుగురు రోడ్డెక్కారు. ఒక దెబ్బ బండి వెనక తగిలింది. తర్వాత దారంతా ఇంజను చప్పుడే తప్ప కాసమ్మ మూలుగు వినపడలేదు.

బరంపురం ఆస్పత్రి మెట్ల దగ్గర ఆగాక కూడా, వెనక్కి తిరిగి చూడాలంటే అతనికి భయం వేసింది.

"ఒచ్చీసేమా అన్నా?" అంది కాసమ్మ.

సూరన్న దిగి వెనక తలుపు తీశాడు. చెల్లెల్ని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాడు.