ఊరి తప్పులన్నీ తనవేనన్న అంబ్రోస్

న్యూఫౌండ్‌లాండ్ తీరాన కేప్లిన్ రేవులో ఎవరు ఏ తప్పు చేసినా, అది తానే చేశానని పాట కట్టడం అంబ్రోస్ క్వింటన్‌కు ఒక జబ్బు. చర్చిలోకి మేకను తోలిందెవరు? అంబ్రోస్. పాస్టర్‌గారి పడవను సముద్రం పాలు చేసిందెవరు? అంబ్రోసే. పడవ కొట్టుకుపోయిన రోజున అతగాడు కాలికి కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అయినా గిటారూ డ్రమ్ములూ పెట్టి పద్దెనిమిది చరణాలు కట్టాడు.

సామాన్యుడు కాడు. మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. నలభై రెండు ఊళ్లలో కచేరీ చేశాడు. సెయింట్ జాన్స్ నగరంలో హాలు పట్టక జనం మెట్ల మీద కూర్చుని విన్నారు. అన్నిచోట్లా పక్కన అకార్డియన్ వాయించింది లియాండర్ పార్డీ. ఈ లెక్క ఆయన అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

"ఊళ్లోవాళ్ల ఘనకార్యాలన్నీ నువ్వే కొట్టేస్తావేంరా?" అని లియాండర్ ఒకసారి నిలదీశాడు.

"'నేను' అంటే రాగం బాగా కుదురుతుందిరా," అన్నాడు అంబ్రోస్.

అంబ్రోస్ పోయిన మరుసటి ఏడు, అతను వంటింట్లో కూర్చుని రికార్డు చేసుకున్న పన్నెండు పాటలతో నాలుగో ఆల్బమ్ సిద్ధమైంది. ఊరి హాల్లో అందరికీ టీ ఇచ్చి మరీ వినిపించారు. కంపెనీ నుంచి వచ్చిన కోరా అనే అమ్మాయి అట్ట నమూనా తెచ్చింది. దాని మీద 'ఒక పోకిరి నిజజీవితం' అని ఉంది.

"రేపే అచ్చుకు పోతుంది. ఇవన్నీ జరిగినవేనని మీరొక సంతకం పెట్టండి, లియాండర్ మావయ్యా," అంటూ కలం అందించింది.

సరిగ్గా అప్పుడే ఏడో పాట మొదలైంది. వేసవంతా పట్టి, ఉప్పేసి, ఊరంతా ఆరబెట్టుకున్న కాడ్ చేపలు వానకు తడిసి కుళ్లిపోయిన పాట. మబ్బు కనబడగానే కాపలావాడు గంట కొడితే, అందరూ పరుగెత్తి చేపలు కప్పుకోవాలి. ఆ రోజు గంట మోగలేదు. 'నేను నిద్రపోయాను' అని పాడుతున్నాడు అంబ్రోస్. హాలంతా పగలబడి నవ్వుతోంది.

ఆనాటి కాపలా లియాండర్‌ది. నిద్రాలేదు, పాడూలేదు. కళ్లు మూసుకుని అకార్డియన్ మీద కొత్త వరస పట్టుకుంటున్నాడు. ఆ చలికాలమంతా ఊరు బంగాళదుంపలతోనే గడిపింది. ఆ పాట వచ్చి నవ్వించకపోతే లియాండర్‌ను ఊళ్లో ఉండనిచ్చేవారు కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆయనా అందరితో కలిసి నవ్వుతూనే ఉన్నాడు. ఇవాళ నవ్వు రాలేదు. కలం కింద పెట్టి లేచాడు.

"పాట ఆపండి. ఆ వెధవను నేనే. వాడు కాదు."

వెనక వరసలోంచి కెజియా అత్త అంది: "మాకు తెలీకేంరా! ఆ రోజు నీ అకార్డియన్ రేవు అవతలిదాకా వినబడింది."

"మరి ఎవరూ అనలేదేం?"

"పాట బాగుంది కదా, చెడగొట్టడం దేనికని. అన్నట్టు, మూడో పాట నాది."

"ఎనిమిదోది మా ఆయనది," అంది ఇంకొకావిడ. ఆయన కుర్చీలో చిన్నవాడైపోయాడు. చివరికి పాస్టర్‌గారే గొంతు సవరించుకున్నారు. "పదకొండు... నా పడవే. తాడు వదులుగా ముడి వేసింది కూడా నేనే."

కోరా అట్ట మీద 'పోకిరి'ని కొట్టేసింది. 'నిజజీవితం' కొట్టేసింది. ఇక మిగిలింది 'ఒక' మాత్రమే. దిక్కుతోచక అంబ్రోస్ భార్య ట్రైఫీనాను అడిగింది.

"అయితే ఆయన జన్మలో ఏ తప్పూ చెయ్యలేదా, పిన్నీ?"

ట్రైఫీనా టీ వంపుతూ అంది: "బోలెడు చేశాడమ్మా. వాటి మీద ఒక్క పాట కడితే ఒట్టు!"