ఆదివారం తెచ్చిన నీళ్లు

ఖానాపురం హవేలిలో మా పక్కింటికి స్లాబు వేస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే తడి సిమెంటు వాసన గుప్పుమంది. ఆ వాసనకు అందరికీ కొత్త ఇల్లు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం ఒక వాగు గుర్తొస్తుంది. వాగుతో పాటే సుగుణ మేడం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఖమ్మంలో నీటి పరీక్షల ల్యాబుకు ఆమె ఇన్‌చార్జి, నేను కొత్తగా చేరిన అసిస్టెంటును. ఎవరు సీసా తెచ్చినా "ఎక్కడియి నీళ్లు? పక్కన ఏమున్నది?" అని కథ అడిగినట్టు అడిగేది. అంకెలుండగా కథలెందుకని నా తలపొగరు. అప్పుడు పర్ణశాల దారిలో ఒక వాగు మీద వంతెన కడుతున్నారు. పని మొదలైనప్పటి నుంచి చేపలు చస్తున్నాయని, వాటి మీదే బతికే సమ్మయ్య ఫిర్యాదు పెట్టాడు. నేనే వెళ్లి నీళ్లు తెచ్చి పరీక్షించాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. రిపోర్టు మీద మేడం సంతకం పెట్టింది. వారం తిరక్కుండా సమ్మయ్య ల్యాబుకే వచ్చాడు.

"నీళ్లు మంచిగున్నయని రాసిన్రంట. మరి నా వలల ఏం పడ్తలేదేంది మేడం? ఇంట్ల పొయ్యి ఎట్ల వెలగాలె?"

మేడం నా వైపు తిరిగింది. "ఏ రోజు తెచ్చినవ్?"

"ఆదివారం మేడం. బస్సులో రద్దీ ఉండదని..."

సమ్మయ్య తల పట్టుకున్నాడు. "ఆదివారం పని బందుంటది గద బిడ్డా!"

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె మాత్రం, "అవ్, నేను గూడ అడగలే. రేపు పోదాం పా" అంది.

మర్నాడు చీర ఎత్తి దోపుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. సీసా ముట్టనే లేదు. వంతెనకు ఎగువన ఒక రాయి తీసి తిరగేసింది. అమ్మో, ఎన్ని ప్రాణాలో! ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకున్న పురుగొకటి తల బయటపెట్టింది. "ఇది గూడ మేస్త్రీయే" అని నవ్వింది మేడం. వంతెనకు దిగువన రాళ్లన్నిటికీ బూడిదరంగు బురద పట్టి ఉంది. ఎన్ని తిప్పినా ఒక్క పురుగు కనిపించలేదు.

"నీళ్లు పోతనే ఉంటయి పిల్లా. ఇవి రాయిని పట్టుకొనే ఉంటయి. చేపలకు తిండి ఇవే. ఆదివారమైనా సరే, రాయి తిప్పితే తెలుస్తుండె."

అంతలో కూలీలు కాంక్రీటు మిక్సరు కడిగి ఆ నీళ్లు వాగులోకి వదిలారు. అందులో ముంచిన పరీక్ష కాగితం ముదురు నీలంగా మారింది. చేపల మొప్పలను దెబ్బతీసేంత సిమెంటు క్షారం! సైటు ఇంజనీరు నింపాదిగా వచ్చి మా రిపోర్టే మాకు చూపించాడు.

"మంచిగున్నయని మీరే ఇచ్చిన్రు గద మేడం?"

ఆమె ఆ కాగితం తీసుకుని, "ఈ రిపోర్టు తప్పు" అని అడ్డంగా రాసి సంతకం చేసింది.

"తప్పు నాది మేడం, నా పేరు రాయండి" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"సంతకం నాది గద."

మిక్సరు కడిగిన నీళ్లకు ఒడ్డున వేరే గుంట తవ్వించారు. మేడంకు పైనుంచి మెమో వచ్చింది, రావలసిన ప్రమోషను ఆగింది. వానాకాలం వెళ్లాక సమ్మయ్య వచ్చి, "పడ్తున్నయి మేడం, చిన్నయే" అన్నాడు. "ఏం చేపలు? ఏ ఒడ్డుకు?" అని ఆమె చిన్నపిల్లలా ఒకటే ప్రశ్నలు.

ఇప్పుడు మేడం కుర్చీలో నేనున్నాను. నా రిపోర్టు తప్పని ఇప్పటికి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ చెయ్యి వణికింది. ఆ రోజు మేడం చెయ్యి కూడా వణికిందేమో. ఏడుపు దాచుకునే తొందరలో, నేను చూడలేదు.