సరళ వదిన స్లిప్పర్ ఆర్కిడ్లు, నా కుళ్ళు

నిన్న పొద్దున సరళ వదిన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తలేదు.

ఇంకో పువ్వు విచ్చుకుని ఉంటుంది, అది చెప్పి నన్ను ఏడిపించడానికే చేస్తోంది అనుకున్నా. డాబా మీద నా మొక్కలకు నీళ్ళు పోస్తూ, మోగనీలే అని వదిలేశా.

మళ్ళీ మళ్ళీ మోగుతుంటే విసుగ్గా ఎత్తా. మాట్లాడింది అన్నయ్య.

"లతా, మీ వదిన పాయెనే. గుండెపోటు. దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయింది."

"ఏ వదిన?" అని అడిగాను. నాకున్నది ఒక్క వదినే.

గద్వాల పక్కన మా పుట్టిన ఊళ్ళో అన్నయ్య వాళ్ళది సీడ్ పత్తి సేద్యం. నేనుండేది వనపర్తిలో. కొన్నేళ్ళ కింద వదినా నేనూ కలిసి హైదరాబాద్‌లో పూల మొక్కల మేళాకు పోయాం. స్లిప్పర్ ఆర్కిడ్ అనేదాన్ని అక్కడే మొదటిసారి చూశాం. కింది రెక్క చిన్న చెప్పు ముందుభాగంలా ఉబ్బి ఉంటుంది. ఇద్దరికీ పిచ్చి పట్టింది. ఒకే ట్రేలోంచి చెరో కుండీ కొన్నాం.

ఒకే ట్రే. ఇది గుర్తు పెట్టుకోండి.

నేను షేడ్ నెట్ కట్టించా. ఫ్యాన్ పెట్టించా. వీడియోలు చూసి చూసి కళ్ళు పోగొట్టుకున్నా. బోరు నీళ్ళ ఉప్పుకు ఆకుల అంచులు మాడుతున్నాయని వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి పోశా.

ఆమె ఏం చేసింది? స్నానాల గది వెనక నీడలో, తడి గోనెసంచి పక్కన పెట్టింది. అంతే!

మొదటి చలికాలానికే ఆమెకు పూసింది. నాకు ఆకులు.

తర్వాతి ఏడాది ఆమె కుండీ నిండింది. నాకు మళ్ళీ ఆకులు.

ఈ పువ్వు రెండు నెలలు వాడదు. రెండు నెలలూ రోజూ స్టేటస్ పెట్టేది. అదే పువ్వు, రోజుకో యాంగిల్. అన్నీ చూసేదాన్ని, ఒక్క హార్ట్ కూడా కొట్టేదాన్ని కాదు.

అవును, కుళ్ళే. మా ఇంట్లో అందరికీ తెలిసిందే, ఇప్పుడు దాచేదేముంది.

ఒకసారి మా అమ్మ ఆమెను, "చెప్పు లెక్కున్న పువ్వు, దేవునికి గూడ పెట్టరాదు, ఎందుకే ఇది?" అని అడిగిందట.

"దేవునికి గాదత్తా, నా ఆడబిడ్డకు చూపెట్టనీకి" అందట.

అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పి నవ్వింది. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

చివరికి నాకూ ఒక మొగ్గ వచ్చింది. అది విచ్చుకున్న రోజు వీధంతా చెప్పుకున్నా. వదినకు వీడియో కాల్ చేస్తే, "ఫోన్ల గాదు, నేనే వస్త ఆగు" అని బస్సెక్కి వచ్చేసింది.

నేను టీ పెట్టి తెచ్చేలోపు పువ్వు ముందు కూర్చుని ఉంది. చేతిలో అగ్గిపుల్ల.

సీడ్ పత్తి చేలో ఆడవాళ్ళు మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు తాకించుకుంటూ సాళ్ళకు సాళ్ళు పోతారు. క్రాసింగ్ అంటాం. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చేతులు పువ్వు కనబడితే ఊరుకోవు. నా పువ్వు పుప్పొడి తీసి దానికే అంటించేసింది.

"అయ్యో, ఏం చేసినవ్ వదినా!"

"క్రాసింగ్ చేసిన. కాయ కడ్తది, ఇత్తనమైతది. ఒక్క చెట్టు ఏం సరిపోతది నీకు, శానా చేస్కో."

పుప్పొడి అంటితే ఆర్కిడ్ ఇక పువ్వును ఉంచుకోదు. నాలుగు రోజుల్లో వాడి రాలిపోయింది. రెండు నెలలు ఉండాల్సిన పువ్వు! కాయ కూడా నిలవలేదు.

ఫోన్‌లో ఏడుస్తూ తిట్టా.

"పువ్వు రాలకుంటే కాయ ఎట్లైతదే? ఒక్క పువ్వుకు గింత పరేషానా? మల్ల వస్తది తీ" అంది.

ఏటా పూసేవాళ్ళకు ఒక్క పువ్వు లెక్కా? నాకున్నదే అది. చాలా రోజులు మాట్లాడలేదు. ఏమీ జరగనట్టు ఆమే ఫోన్ చేసింది, తన మొక్కకు మళ్ళీ మొగ్గలొచ్చాయని చెప్పడానికి.

నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి నా పువ్వు చూసి ఆమె మొహం మాడాలి. ఇన్నేళ్ళు నీళ్ళు మోసింది దానికోసమే.

నిన్న అంతా అయ్యాక అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. ఆమె కుండీలు, ఆ ఒక్కదాన్నే విడదీసి పెంచినవి. రెండింట్లో మొగ్గలున్నాయి.

"ఇవి నువ్వే తీస్కపో లతా. ఎన్ని నీళ్లు పొయ్యాల్నో నాకు తెల్వదు."

పెద్దమ్మ అడ్డం వచ్చింది. "చావింట్లకెళ్లి ఏం తీస్కపోవద్దు బిడ్డా. దినాలైనంక తీస్కపో."

పెద్దమ్మ మాట కాదనకూడదు. కానీ పక్కింటామె ఆ కుండీల వైపు చూస్తోంది. అంత ఏడుపులోనూ ఆ చూపు నాకు కనబడింది. ఎత్తి కారులో పెట్టుకున్నా.

మొగ్గలున్న రెండూ ఒళ్ళోనే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఒడ్డున గుడిలోని అంజన్నకు దండం పెట్టుకున్నా. ఎప్పుడు ఆ దారిన పోయినా నా మొక్క పూయాలనే మొక్కేదాన్ని. నిన్న మొదటిసారి వదిన మొగ్గలు విచ్చుకోవాలని మొక్కుకున్నా.

ఇప్పుడవి నా డాబా మీద ఉన్నాయి. పక్కనే నా మొక్క, ఆకులతో.

వారం పది రోజుల్లో విచ్చుకుంటాయి. వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత బాగా పూయించావు లతా" అంటారు. నావి కావు, మా వదినవి అని చెప్పుకోవాలి.

నా ఇంట్లో, నా నీళ్ళు తాగి, నీ పువ్వులే గెలుస్తాయి వదినా.

గెలవనీ. నా మొహం చూసి నవ్వడానికి నువ్వు లేవు, అదొక్కటే తట్టుకోలేకపోతున్నా.

పోయిరా వదినా. ఎండా, చేను పనీ లేని చోట చల్లగా ఉండు.