ఫ్లాపీలకు పెట్టిన బొట్టు

మామిడికాయల రోజుల్లో నూజివీడులో ఎవరికీ తీరిక ఉండదు, కాయ అయిపోయాక ఎవరికీ పని ఉండదు అని మా స్టాఫ్‌రూములో నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ఏడాది పొడుగునా పనే. ఆ పనేమిటో చెప్పుకోవడానికి మనిషే లేడు.

ఎనభైల చివరి మాట. అక్కడి కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. కొత్తగా ఒక కంప్యూటర్ వచ్చింది. దానికొక ప్లాస్టిక్ ముసుగు, గదికి తాళం, చెప్పులు బయట విడవాలని గుమ్మానికి బోర్డు. దేవుడికి చేసే మర్యాదలన్నీ చేశారు గానీ దగ్గరికి వెళ్ళే భక్తుడే లేడు. చివరికి తాళంచెవి నా చేతిలో పడేశారు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా క్లాస్‌మేట్ ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఫ్లాపీల మీద పంపాడు. దాని సోర్స్ కోడ్ అంతా అందులోనే ఉంది. చదువుకునేవాళ్ళు ఎవరైనా చదవొచ్చు, మార్చి చూసుకోవచ్చు. అప్పటిదాకా యంత్రం లోపలి గుట్టు కంపెనీవాడికే తెలుసనుకునేవాణ్ణి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిమధ్య ఉండే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఏ పనికి ఎప్పుడు వంతు ఇవ్వాలో చూసే పెద్దరికం దానిది. వాడు పంపిన కెర్నెల్ మరీ చిన్నది. మిగతా పనులకు వేరే ప్రోగ్రాములు. డిస్కు పని ఒకరిది, ఫైళ్ళ పని ఇంకొకరిది, ఎవరి కాపురం వారిది. ఒకరితో ఒకరికి పనిపడితే కెర్నెల్ ద్వారా కబురు పంపాలి. జవాబు వచ్చేదాకా పంపినవాడు ఉన్నచోటే ఆగిపోవాలి.

చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. పక్కగదిలో ఉన్నవాడికి కబురేమిటి, కేకేస్తే పోదా? అన్ని పనులూ ఒకే వంటింట్లో జరిగే ఉమ్మడి కెర్నెల్ నేను రాస్తాను, దీనికంటే వేగంగా నడిపిస్తాను అని వాడికి కార్డు రాశాను. "నీవల్ల కాదురా. వచ్చే ఏడు దసరాకి వచ్చి చూస్తా" అని జవాబు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏడాది పైగా రాశాను. లోకంలో నా పని చూడటానికి వస్తానన్నవాడు వాడొక్కడే మరి.

స్టాఫ్‌రూములో ముసునూరు దగ్గర తోటలున్న మాస్టారొకాయన ఒకరోజు జాలిపడి అడిగారు. "దాంతో ఈ ఏడు కాపు ఎలా ఉంటుందో తెలుస్తుందాండీ?"

"తెలీదండీ."

"మరెందుకండీ అంత అవస్థ?"

నిజమే అనిపించింది.

ఇంట్లోనూ అంతే. మా ఆవిడది బాపులపాడు. కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అన్నం ముందు కూర్చుని నేను గోడకేసి చూస్తుంటే "ఏంటండీ ఆలోచిస్తున్నారు?" అనేది. "నీకు అర్థం కాదులే" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు అడగడం మానేసింది.

దసరా ముందు రెండు కెర్నెళ్ళకూ ఒకే పని ఇచ్చి చూశాను. ఒకే ఫైలును రెండూ కాపీ చేయాలి. నాది ముందు ముగించింది. నమ్మలేక మళ్ళీ చేయించాను, మళ్ళీ నాదే. వాడిదానిలో ఒక భాగం చెడితే మిగతావి ఎలాగో నిలబడేవి. నాదానిలో ఒక తప్పు దొర్లితే మొత్తం చాప చుట్టేసేది. అయినా ఆ రోజు గెలిచింది నాదే. ఎగిరి గంతేయాలనిపించింది, ఎవరి ముందు వేయను? గదికి తాళం వేసి, దారిలో మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఇల్లు చేరాను. పొట్లం చూసి "ఏంటండీ విశేషం?" అంది మా ఆవిడ. ఏం లేదన్నాను.

ఆ కంప్యూటర్లో దాచుకునే చోటు లేదు, రాసినదంతా ఫ్లాపీల మీదే ఉండాలి. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని నా కెర్నెల్‌ను రెండు ఫ్లాపీల మీదకు ఎక్కించి, సెలవులకని ఇంటికి తెచ్చి పుస్తకాల అలమరలో పెట్టాను.

దసరాకి అన్నమాట ప్రకారం మా క్లాస్‌మేట్ దిగాడు. కాలేజీకి బయల్దేరదామని అలమర తీస్తే ఫ్లాపీలు లేవు.

"పూజలో పెట్టానండీ" అంటూ మా ఆవిడ పళ్ళెం తెచ్చింది. ఆయుధపూజకి ఎవరి పనిముట్లు వాళ్ళు పెడతారు కదా. నా పెన్నులు, పుస్తకాలు, వాటి పైన రెండు ఫ్లాపీలు. ఫ్లాపీకి మధ్యలో కోలగా చిన్న సందు ఉంటుంది, రాసినదంతా దాచుకునే లోపలి రేకు కనిపిస్తూ. అది బొట్టు కోసమే వదిలిన చోటనుకుంది. తడి పసుపు రాసి, మీద కుంకుమ అద్దింది.

"రెండోది చిన్నబుచ్చుకుంటుందని దానికీ పెట్టాను" అంది.

దూదితో తుడిచి కంప్యూటర్లో పెట్టి చూశాం. డ్రైవు గరగరలాడి, చదవలేనని చెప్పేసింది. మా వాడు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఎలా రాశావని ఒక్క మాట అడగలేదు. భోజనంలో తన ప్రమోషన్ గురించి చెప్పి, పులిహోర బాగుందని మెచ్చుకుని, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. పోయిన ఫ్లాపీల కంటే అదే ఎక్కువ బాధించింది.

నేను వరండాలో కూర్చున్నాను. తోటల వైపునుంచి ఒక్క బండి చప్పుడైనా లేదు. మా ఆవిడ వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఏడ్చినట్టుంది.

"దాంట్లో ఏముందండీ?"

కోప్పడదామనుకున్నవాణ్ణి, ఎందుకో చెప్పడం మొదలుపెట్టాను. వేరు కాపురాల కెర్నెల్, ఉమ్మడి కెర్నెల్, కబుర్లు, వంతులు, ఏడాది పైగా లోపల కుక్కుకున్నదంతా చెప్పాను. మధ్యలో లేవలేదు, ఆవులించలేదు.

"ఆ కబురు పంపినవాడికి జవాబు రాకపోతే ఏం చేస్తాడండీ?"

"ఏం చేస్తాడు, అలాగే ఆగి ఉంటాడు."

"ఎన్నాళ్ళు?"

"వచ్చేదాకా."

చీర కొంగుతో ఫ్లాపీ అంచున మిగిలిన పసుపు తుడిచింది.

"అదైతే నాకు బాగా అర్థమైందండీ" అంది.